ముందు స్ప్రింగుల మార్పిడి: ఇంటి పని ఎంతవరకు, వర్క్‌షాపు పని ఎక్కడి నుంచి?

ప్రశ్న: మా కారు కొని చాలా ఏళ్లయింది. ఈ మధ్య గతుకుల్లో ఎడమవైపు ముందు చక్రం దగ్గర టక్కుమని చప్పుడు వస్తుంటే చక్రం విప్పి చూశాను. స్ప్రింగు అడుగు చుట్టులో చివరి ముక్క విరిగి ఉంది. ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకు ప్యాడ్లు నేనే మార్చుకునే అలవాటుంది కనుక స్ప్రింగు కూడా ఇంట్లోనే మార్చాలని అనుకుంటున్నాను. స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ అద్దెకు దొరుకుతుంది. అయితే ఈ పనిలో ప్రాణాపాయం ఉందని ఒక మెకానిక్ హెచ్చరించారు. అది ఎంతవరకు నిజం? చేయదలిస్తే ఏ క్రమంలో చేయాలి?

జవాబు: ఆయన చెప్పింది నిజమే. కాకపోతే ఆ అపాయం పనంతటా సమానంగా లేదు. కారును ఎత్తి నిలపడం, చక్రం విప్పడం, స్ట్రట్‌ను, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉన్న స్తంభాన్ని, కారు నుంచి వేరుచేసి తిరిగి బిగించడం వంటివి బ్రేకు ప్యాడ్లు మార్చగలిగినవారు ఓపికగా చేసుకోగలిగిన పనులే. వీటి నడుమ ఒక్క ఘట్టం మాత్రం వేరు. నొక్కి ఉన్న స్ప్రింగును స్ట్రట్ మీద నుంచి తీసి, కొత్త స్ప్రింగును నొక్కి ఎక్కించే ఆ కొద్దిసేపే ఈ పనిలో మనిషిని తీవ్రంగా గాయపరచగలది, చంపగలది కూడా. అందువల్ల మొదటి భాగాన్నీ చివరి భాగాన్నీ ఇంట్లో చేసుకుని, ఆ మధ్య ఘట్టాన్ని మాత్రం బల్లకో గోడకో బిగించిన కంప్రెసర్ ఉన్న వర్క్‌షాపుకు వదిలేయమనేది నా సలహా. మీ స్ప్రింగు విరిగి ఉంది కనుక మీ విషయంలో ఈ సలహాకు బలం ఇంకా ఎక్కువ. కారణం చెబుతాను.

ఇప్పటి చిన్న, మధ్య తరహా కార్లలో చాలావాటికి ముందువైపు ఉండేది మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మ్యాక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు 1940లలో రూపొందించిన ఈ అమరికలో షాక్ అబ్జార్బరే నిలువు స్తంభంలా పనిచేస్తుంది. దాని ఒంటికి అతికిన అడుగు పళ్లెం మీద స్ప్రింగు కూర్చుంటుంది. పైన మరొక పళ్లెం, దాని మీద బేరింగు, రబ్బరు మౌంటు ఉంటాయి. వీటన్నిటి గుండా షాక్ అబ్జార్బర్ రాడ్డు పైకి వస్తుంది, దాని చివర ఒక్క నట్టు ఉంటుంది. స్ప్రింగు పైకి తన్నే బలమంతా ఆ ఒక్క నట్టు మీదే ఆగి ఉంటుంది. కారును జాకీతో ఎత్తి చక్రాన్ని గాలిలో వదిలేస్తే స్ప్రింగు పూర్తిగా సాగి నెమ్మదిస్తుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. షాక్ అబ్జార్బర్ సాగగలిగినంత సాగాక కూడా స్ప్రింగు తన అసలు పొడవుకు చేరుకోదు. స్ట్రట్‌ను విప్పి నేల మీద పడుకోబెట్టినా అందులో స్ప్రింగు నొక్కుకునే ఉంటుంది.

ఆ బలం ఎంతో ఒక లెక్కలో చూద్దాం. ఒక స్ప్రింగును ఒక మిల్లీమీటరు కుదించడానికి 25 న్యూటన్ల బలం కావాలనుకోండి. నట్టు విప్పడానికి వీలుగా దాన్ని అసలు పొడవు కన్నా 130 మిల్లీమీటర్లు కుదిస్తే అది 3,250 న్యూటన్లతో, అంటే దాదాపు 330 కిలోల బరువుతో సమానంగా ఎదురు తన్నుతూ ఉంటుంది. అందులో నిల్వ ఉన్న శక్తి సుమారు 211 జౌళ్లు. ఇరవై కిలోల ఇనుప దిమ్మ మీటరుకు కాస్త పైనుంచి పడినప్పుడు విడుదలయ్యే శక్తి ఇంచుమించు అంతే. దిమ్మ కిందికే పడుతుంది కాబట్టి తప్పుకోవడానికి దిక్కు తెలుస్తుంది. కంప్రెసర్ కొక్కెం జారితే స్ప్రింగు గానీ, పై పళ్లెం గానీ, కంప్రెసర్ కమ్మీ గానీ ఎటు ఎగురుతుందో ముందుగా చెప్పలేం. నట్టు విప్పేవారి తల సాధారణంగా ఆ దారిలోనే ఉంటుంది.

ఇక క్రమానికి వద్దాం. అంచు విరిగిన చుట్టు టైరును కోసివేయగలదు కనుక ఈ స్థితిలో కారును నడపవద్దు. గట్టిగా, సమతలంగా ఉన్న నేల మీద కారును నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా దిమ్మలు అడ్డం పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే దాని నట్లను కొద్దిగా వదులు చేసుకోవాలి. తరువాత జాకీతో ఎత్తి, తయారీదారు పుస్తకంలో చూపిన చోట స్టాండ్లు పెట్టి, బరువంతా స్టాండ్ల మీదికి దించండి. కారుతో వచ్చే జాకీ రోడ్డు పక్కన చక్రం మార్చడానికి తప్ప ఇంత పనికి సరిపోదు. జాకీ ఏదైనా సరే, దాన్ని మాత్రమే నమ్మి కారు కింద చేయి పెట్టకూడదు. ముందువైపు రెండు చక్రాలనూ ఒకేసారి ఎత్తితే మరో సౌకర్యం ఉంది. ఎడమ, కుడి చక్రాలను కలిపే స్టెబిలైజర్ బార్ ఒక పక్కనే ఎత్తినప్పుడు మెలిపడి, తనను స్ట్రట్‌కు కలిపే లింకు రాడ్డును లాగుతుంది. రెండు పక్కలా సమానంగా ఎత్తితే ఆ బిగువు ఉండదు, లింకు సులువుగా ఊడి వస్తుంది.

చక్రం తీశాక ముందుగా చక్రం నడిబొడ్డు నుంచి ఫెండరు అంచు వరకు ఎంత దూరం ఉండేదో కొలిచి రాసుకున్నారా అని గుర్తు చేసుకోండి. ఈ కొలత కారు నేల మీద ఉన్నప్పుడే తీయాలి, తరువాత ఇది పనికొస్తుంది. స్ట్రట్‌కు అతుక్కుని ఉన్న బ్రేకు హోస్ పట్టీని, ఏబీఎస్ వైరు క్లిప్పును, లింకు రాడ్డును విడదీయండి. బ్రేకు కాలిపర్‌ను విప్పవలసి వస్తే దాన్ని హోస్‌తో వేలాడనివ్వకుండా తీగతో కట్టి ఉంచాలి. స్ట్రట్ అడుగున చక్రం భాగానికి పట్టి ఉంచే బోల్టులు సాధారణంగా రెండు ఉంటాయి. వాటిలో ఒకటి కొన్ని కార్లలో చక్రం వాలును సరిచేసే బోల్టు కావచ్చు. కాబట్టి వదులు చేయకముందే బోల్టు తల చుట్టూ, స్ట్రట్ అంచు వెంట పెయింటుతో గీత గీసుకోండి. కొన్ని కార్లలో రెండు బోల్టులకు బదులు స్ట్రట్ ఒక బిగింపు కంకణంలో దిగి ఉంటుంది, దాన్ని పక్కకు చీల్చినట్టు తెరవాలి.

బోల్టులు వచ్చేశాక చక్రం భాగం బయటికి వాలకుండా తీగతోనో ఆధారంతోనో నిలపండి. ఎక్కువగా వాలితే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింటు ఊడిపోతుంది, బ్రేకు హోస్ లాగబడుతుంది. ఆ తరువాత బోనెట్ ఎత్తి మౌంటును కారు బాడీకి పట్టి ఉంచే నట్లు విప్పాలి. ఇవి మధ్య రంధ్రం చుట్టూ రెండు నుంచి నాలుగు ఉంటాయి. వాటి నడుమ కనిపించే పెద్ద నట్టే ఇందాక చెప్పిన రాడ్డు నట్టు. దాన్ని ఇప్పుడు తాకకండి. ఈ పనిలో జరిగే ఘోరమైన పొరపాట్లలో ఇదే మొదటిది. చుట్టూ ఉన్న నట్లను విప్పేటప్పుడు చివరి నట్టు రాగానే స్ట్రట్ కిందికి జారుతుంది కనుక ఎవరినైనా కింద పట్టుకోమనండి.

స్ట్రట్ చేతికి వచ్చింది. నా సలహా ప్రకారం దాన్నీ, కొత్త స్ప్రింగునూ, కొత్త మౌంటునూ వేరే వాహనంలో వర్క్‌షాపుకు తీసుకెళ్లడమే ఇక మిగిలిన పని. అక్కడి స్థిర కంప్రెసర్ స్ప్రింగును పై నుంచీ కింద నుంచీ వెడల్పాటి దవడలతో పట్టి, అడ్డంగా జారనివ్వకుండా నొక్కుతుంది. అద్దెకు దొరికే కంప్రెసర్ సాధారణంగా రెండు విడి కమ్మీలు, వాటి చివర కొక్కేలు. ఈ రెండింటినీ సమానంగా ఉంచే బాధ్యత అంతా మీ చేతిదే. మీ స్ప్రింగు అడుగు చుట్టు విరిగి పళ్లెంలో సరిగా కూర్చుని లేదు కనుక నొక్కుతున్నప్పుడు పక్కకు తిరిగే అవకాశం ఉంటుంది. దాన్ని ఈ కమ్మీలతో పట్టడం నేను సమర్థించలేను.

విరగకుండా కేవలం కుంగిపోయిన స్ప్రింగు అయి, మంచి కంప్రెసర్ చేతిలో ఉన్నవారి కోసం మిగతాది చెబుతాను. కంప్రెసర్ మరలు అరిగాయా, కమ్మీ వంగిందా, కొక్కేలలో పగులు ఉందా అని ముందే చూసుకోవాలి. ఏ ఒక్కటి కనిపించినా దాన్ని వాడకూడదు. మరలకు గ్రీజు పూసి, రెండు కమ్మీలను స్ప్రింగుకు ఎదురెదురుగా, వీలైనన్ని చుట్లు పట్టేలా తగిలించండి. కొక్కేలకు జారకుండా ఆపే పిన్నులు ఉంటే అవి తప్పనిసరిగా దిగాలి. ఒక పక్క రెండు మూడు తిప్పులు, తరువాత రెండో పక్క అన్నే తిప్పులు, ఇలా మార్చి మార్చి చేతి స్పానరుతోనే బిగించాలి. గాలి గన్ను గానీ, కరెంటు గన్ను గానీ వాడితే మరలు వేడెక్కి అరిగిపోతాయి, ఒక పక్క బిగువు ఎంత పెరుగుతున్నదో చేతికి తెలియదు. స్ప్రింగు అరటిపండులా ఒక పక్కకు వంగుతున్నట్టు అనిపిస్తే ఆపి, బిగువును తగ్గించి, కొక్కేలను సరిచేసి మళ్లీ మొదలుపెట్టండి. ఈ సేపంతా మీ ముఖం, ఛాతీ స్ట్రట్ నిలువు గీతకు పక్కన ఉండాలి తప్ప దానికి ఎదురుగా ఉండకూడదు. స్ట్రట్ రెండు కొసలనూ మనుషుల వైపు కాకుండా గోడ వైపు తిప్పి ఉంచడం మేలు.

స్ప్రింగు పళ్లేల నుంచి విడివడి చేత్తో కదిలించగలిగేంత వదులైతేనే రాడ్డు నట్టు జోలికి వెళ్లాలి. రాడ్డు తిరగకుండా దాని తలలో అలెన్ కీ పెట్టి నట్టు విప్పాలి. మెరిసే రాడ్డును ప్లయర్‌తో పట్టుకుంటే గీత పడి, షాక్ అబ్జార్బర్ సీలు చెడి ఆయిలు కారడం మొదలవుతుంది. విప్పిన భాగాలను వరుస తప్పకుండా ఫొటో తీసుకోండి. పాత స్ప్రింగును తీసి పక్కన పెట్టాక కూడా అది కంప్రెసర్‌లో నొక్కుకునే ఉంటుంది. దాన్ని అలాగే వదిలి భోజనానికి వెళ్లకుండా, మార్చి మార్చి వదులు చేసి పూర్తిగా సడలించాలి. మౌంటు, బేరింగు, దుమ్ము తొడుగు, రబ్బరు బంప్ స్టాప్ పాతవైతే ఇప్పుడే మార్చడం తెలివైన పని. వీటి కోసం ఇంత శ్రమ రెండోసారి ఎవరూ కోరుకోరు.

కొత్త స్ప్రింగును అదే రీతిలో నొక్కి, దాని అడుగు చుట్టు చివర పళ్లెంలోని మెట్టుకు ఆనేలా కూర్చోబెట్టండి. పై పళ్లెం, మౌంటు ఏ దిశకు ఉండాలో గుర్తులు ఉంటాయి, వాటిని పట్టించుకోవాలి. రాడ్డుకు కొత్త నట్టు వాడటం మంచిది. దాన్ని పుస్తకంలో చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించిన తరువాతే కంప్రెసర్‌ను మార్చి మార్చి వదలాలి. స్ప్రింగు సడలుతున్న కొద్దీ రెండు కొసలూ తమ మెట్లలో సరిగ్గా దిగుతున్నాయో లేదో పక్కనుంచి గమనించాలి. స్ట్రట్‌ను కారులో బిగించేటప్పుడు ముందు గీసుకున్న గీతలకు బోల్టులను కలిపి, చక్రం పెట్టి, కారును నేలకు దించి, చక్రం నట్లను టార్క్ రెంచితో సరిచూడండి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి చూడటం అవసరం. వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. గీతలు ఎంత శ్రద్ధగా కలిపినా ఎత్తు మారింది కనుక కోణాలు మారతాయి. హెడ్‌లైట్ల దిశ కూడా పైకి జరిగిందేమో చూడాలి.

ప్రశ్న: రెండు స్ప్రింగుల్లో ఒక్కటే విరిగితే, అదొక్కటే మార్చితే సరిపోదా?

జవాబు: సరిపోదు. రెండోది కూడా అంతే కాలం, అంతే దూరం తిరిగింది. కొత్తదీ కుంగినదీ కలిస్తే కారు ఒక పక్కకు ఒరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు పక్కలు సమానంగా ప్రతిస్పందించవు. రెండోది కూడా త్వరలో విరగవచ్చన్నది వేరే సంగతి. స్ప్రింగు పనిచేసేటప్పుడు దాని తీగ మెలిపడుతుంది. అలాంటి తీగలో ఒత్తిడి పైపొరలోనే అత్యధికం. అడుగు పళ్లెంలో నీరు, బురద, ఇసుక నిలిచి అక్కడి పెయింటు పోతే తుప్పు గుంట పడుతుంది, అక్కడి నుంచే పగులు మొదలై పెరుగుతుంది. స్ప్రింగులు ఎక్కువగా అడుగు చుట్టు దగ్గరే విరగడానికి కారణం ఇదే. కొత్త స్ప్రింగు పూతను కొక్కేలతో గీకకూడదని చెప్పేదీ అందుకే. కొనేటప్పుడు మోడలు పేరు ఒక్కటే చెప్పకుండా చాసిస్ నంబరు ఇచ్చి పార్ట్ నంబరు తీసుకోండి. ఒకే మోడలులో డీజిలు ఇంజనుకూ, పెట్రోలు ఇంజనుకూ, కొన్నిసార్లు ఎడమకూ కుడికీ కూడా వేర్వేరు స్ప్రింగులు ఉండవచ్చు. చుట్ల మీది రంగు గీతలు వాటి తేడాను తెలిపే గుర్తులే.

ప్రశ్న: స్ప్రింగు, షాక్ అబ్జార్బర్, మౌంటు కలిపి బిగించి సిద్ధంగా అమ్మే స్ట్రట్లు కొనవచ్చా?

జవాబు: మీ మోడలుకు దొరికితే, కంప్రెసర్ అవసరమే లేని దారి ఇదే. ఇంట్లో చేసుకోవాలని గట్టిగా అనుకునేవారికి నేను ముందుగా చెప్పేది దీన్నే. ఖర్చు ఎక్కువైనా షాక్ అబ్జార్బర్లు ఎలాగూ పాతబడి ఉంటే రెండో పని కూడా అయిపోతుంది. స్ప్రింగు మీ కారు బరువుకు తగినదేనా అన్నది మాత్రం సరిచూసుకోవాలి. చవకరకం జతల్లో పలు మోడళ్లకు కలిపి ఒకే స్ప్రింగు పెట్టడం వల్ల కారు ముందుభాగం పైకి లేచి నిలబడటం జరుగుతుంది.

ప్రశ్న: కారు ఎత్తు తగ్గించడానికి పాత స్ప్రింగు చుట్టు ఒకటి కోసేయవచ్చా? లేదా వేడిచేసి కుదించవచ్చా?

జవాబు: రెండూ కూడదు. చుట్లు తగ్గినకొద్దీ స్ప్రింగు బిరుసు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, కోసిన కొస పళ్లెంలో సరిగా కూర్చోదు, చక్రం గుంటలో వేలాడినప్పుడు స్ప్రింగు వదులై స్థానం తప్పవచ్చు. వేడిచేస్తే ఉక్కుకు ఇచ్చిన పదును పోయి కొన్నాళ్లలో కుంగుతుంది లేదా విరుగుతుంది.

ప్రశ్న: మా వాహనంలో స్ప్రింగు స్ట్రట్ మీద కాకుండా చాసిస్‌కూ, చక్రాన్ని పట్టి ఉంచే కింది ఆర్ముకూ మధ్య నేరుగా నిలబడి ఉంది. పద్ధతి ఇదేనా?

జవాబు: కాదు, ఇది ఇంకా ప్రమాదకరం. ఇక్కడ స్ప్రింగును పట్టి ఉంచేది రాడ్డు నట్టు కాదు, కింది ఆర్ము. ఆర్మును చక్రం భాగానికి కలిపే బాల్ జాయింటును విడదీసిన క్షణంలో కింద ఆధారం లేకపోతే ఆర్ము కిందికి విసిరినట్టు పడి, స్ప్రింగు బయటికి దూకుతుంది. ఇందుకు స్ప్రింగు లోపలి నుంచి పట్టే ప్రత్యేక కంప్రెసర్, ఆర్ము కింద జాకీ, వాటికి తోడుగా స్ప్రింగును చాసిస్‌కు కట్టే గొలుసు అవసరం. బరువైన వాహనాల్లో స్ప్రింగులు ఎక్కువ బిరుసుగా ఉంటాయి. ఈ పనిని ఇంటి పనుల జాబితాలో చేర్చకండి.

ప్రశ్న: స్ప్రింగులు మార్పించాక స్టీరింగు తిప్పినప్పుడు తీగ మీటినట్టు టంగుమని చప్పుడు వస్తున్నది. గతుకుల్లో కూడా చిన్న టక్కు మిగిలింది. ఏమై ఉంటుంది?

జవాబు: స్టీరింగు తిప్పినప్పుడు మాత్రమే వచ్చే టంగు శబ్దానికి మొదటి అనుమానం పై బేరింగు మీద. అది బిగిసిపోయినా, తలకిందులుగా అమర్చినా, స్ప్రింగు పై పళ్లెంతో కలిసి తిరగలేక మెలిపడి ఒక్కసారిగా వదులుతుంది, ఆ వదలడమే మీకు వినిపించే శబ్దం. కారు నిలిపి ఉండగా ఒకరు స్టీరింగును మెల్లగా తిప్పుతుంటే, మరొకరు చక్రం పక్కనుంచి స్ప్రింగు చుట్టును చూడాలి. వేళ్లు పెట్టవద్దు. చుట్టు కాసేపు కదలకుండా ఉండి ఒక్కసారిగా జరిగితే బేరింగో, అడుగు మెట్టులో సరిగా దిగని కొసో కారణం. గతుకుల్లో వచ్చే టక్కుకు చాలాసార్లు లింకు రాడ్డు నట్టు సరిగా బిగియకపోవడమే కారణం. తరువాత చూడవలసినది మౌంటు నట్లు. స్ట్రట్‌ను మార్చేటప్పుడు కింది ఆర్ము బోల్టులు విప్పి ఉంటే, వాటిని చక్రం గాలిలో వేలాడుతుండగా బిగించారేమో అడగండి. రబ్బరు బుష్షు ఉన్న బోల్టును కారు బరువు చక్రాల మీద ఉండగానే చివరిగా బిగించాలి, లేకపోతే బుష్షు ఎప్పుడూ మెలిపడి ఉండి త్వరగా చిరుగుతుంది. ఇవన్నీ సరిగా ఉంటే, ముందు రాసుకున్న ఫెండరు కొలతతో ఇప్పటి కొలతను రెండు వైపులా పోల్చండి. కొత్త స్ప్రింగులతో ఇప్పుడు రెండు వైపులా ఎత్తు సమానంగా ఉండాలి. ఒక పక్క మాత్రం ఎక్కువ ఎత్తుగా కనిపిస్తే ఆ పక్క స్ప్రింగు కొస మెట్టు మీదికి ఎక్కి కూర్చున్నట్టే. అప్పుడు ఆ స్ట్రట్‌ను మళ్లీ విప్పి, వర్క్‌షాపు కంప్రెసర్‌లో పెట్టి సరిచేయించాలి.